ఫ్లూ టీకా: ఇక్కడి చలికాలం, అక్కడి వానకాలం

పడిశం పది రోగాల పెట్టు అని తెలుగు పెద్దలు చెప్పిన మాట అనుభవం నుండి పుట్టినదే. అయితే ఆ సామెత చాటున ఒక చిక్కు కూడా చేరినది. ముక్కు కారినా, గొంతు గరగరలాడినా, ఒళ్ళు పెనంలా కాలిపోయే జ్వరంతో వారం రోజులు మంచం పట్టినా తెలుగు ఇళ్ళలో అన్నింటికీ జలుబు, జ్వరం అనే రెండు పేర్లే చాలుతాయి. మరీ తీవ్రమైతే విషజ్వరమంటారు. మిరియాల పాలు, తులసి కషాయం, పసుపు వేసిన నీటి ఆవిరి ఉపశమనాన్ని ఇచ్చేవే. జలుబుకు అంతకు మించిన వైద్యం అక్కరలేదు కూడా. మందు వేసుకుంటే వారానికి, వేసుకోకపోతే ఏడు రోజులకు తగ్గుతుందనే చమత్కారం జలుబు విషయంలో అక్షరాలా నిజం. ఇన్‌ఫ్లుయెంజాకు, అనగా వాడుకలోని ఫ్లూకు, ఈ లెక్క వర్తించదు.

జలుబును కలిగించే వైరస్‌లు 200కు పైగా ఉన్నవి. అవి సాధారణంగా ముక్కు, గొంతులతో సరిపెట్టుకొంటాయి. ఫ్లూ వైరస్ ఊపిరితిత్తుల దాకా దిగగలదు. జలుబు మెల్లగా వస్తుంది. ఫ్లూ ఉదయం ఆఫీసుకు నడిచి వెళ్ళిన మనిషిని సాయంత్రానికి దుప్పటి కప్పి పడుకోబెడుతుంది. చలి, తలనొప్పి, కండరాల నొప్పులు, పొడి దగ్గు, నిలబడలేని నీరసం దీని లక్షణాలు. ఆరోగ్యవంతునికి వారం పది రోజులలో తగ్గిపోవచ్చు. నీరసం మాత్రం రెండు మూడు వారాలు వెంటాడుతుంది. మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలోను, వృద్ధులలోను, గర్భిణులలోను, చిన్నపిల్లలలోను ఇది న్యుమోనియాకు దారితీసే అవకాశం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 100 కోట్ల మందికి ఫ్లూ సోకుతున్నది. వారిలో 30 నుండి 50 లక్షల మందికి వ్యాధి తీవ్రరూపం దాలుస్తున్నది. శ్వాసకోశ సంబంధమైన కారణాలతో 2,90,000 నుండి 6,50,000 మంది వరకు మరణిస్తున్నారు.

ఇన్‌ఫ్లుయెంజా అనే పేరు ఇటలీ భాష నుండి వచ్చినది. ప్రభావమని దాని అర్థం. ఊరు ఊరంతా ఒకేసారి జబ్బు పడటానికి ఆకాశంలోని గ్రహాల ప్రభావమే కారణమని అక్కడివారు శతాబ్దాల క్రితం భావించారు. గ్రహచారం బాగాలేదని చెప్పుకొనే తెలుగువారికి ఆ ఊహ కొత్తగా తోచదు. అసలు కారణమైన వైరస్‌ను మనుషుల నుండి వేరుచేసి చూపినది 1933లో, లండన్ నగరంలో. విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రోగుల గొంతు నుండి తీసిన ద్రవంతో ముంగిసను పోలిన ఫెరెట్ అనే జంతువుకు ఫ్లూ తెప్పించగలిగారు. ఆ ఫెరెట్‌లలో ఒకటి స్మిత్ ముఖంపైనే తుమ్మి ఆయనకు జబ్బు అంటించడంతో, వైరస్ ఎలా వ్యాపిస్తుందన్న ప్రశ్నకు ప్రయోగశాలలోనే సమాధానం దొరికినది.

ఫ్లూ ప్రయాణికులతో ప్రయాణిస్తుంది. ప్రవాసులు ఈ వ్యాధిని గూర్చి ఇతరులకంటె ఎక్కువగా ఎందుకు తెలుసుకోవలెనో ఈ ఒక్క విషయమే చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధం ముగింపు దశలో, 1918 వేసవిలో, ఓడల మీద బొంబాయి రేవుకు చేరిన ఫ్లూ రైలు మార్గాల వెంట దేశమంతటా ప్రాకినది. ఆ విపత్తులో భారతదేశంలో కోటి ఇరవై లక్షల నుండి కోటి ఎనభై లక్షల వరకు ప్రజలు మరణించి ఉంటారని చరిత్రకారుల అంచనాలున్నవి. అదే విపత్తు అరేబియా ఎడారిని కూడా వదలలేదు. రియాద్ నగరం ఉన్న నజ్ద్ ప్రాంతంలో ఆ సంవత్సరానికి కారుణ్య సంవత్సరమని పేరు మిగిలిపోయినది. చనిపోయిన వారి కోసం దైవకారుణ్యాన్ని వేడుకొన్న ప్రార్థనలు అంతగా వినిపించిన ఏడాది అది. తరువాతి కాలంలో సౌదీ రాజ్యాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్ రాజు తన పెద్ద కుమారుడైన తుర్కీని, భార్య జౌహరాను ఆ జబ్బుకే కోల్పోయాడు. తుర్కీ వయస్సు అప్పటికి ఇరవై దాటలేదు.

తరువాతి విజృంభణలు కూడా ప్రయాణ మార్గాలనే పట్టుకొన్నవి. 1957 మే నెలలో సింగపూరు నుండి మద్రాసు రేవుకు వచ్చిన రజులా అనే ఓడలోని జబ్బు మనుషులతో ఆసియా ఫ్లూ భారతదేశంలో అడుగు పెట్టినది. తూర్పు దేశాలకు కూలికి, వ్యాపారానికి వెళ్ళి వచ్చే దక్షిణాదివారి ఓడ అది. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ అనే కొత్త హెచ్1ఎన్1 వైరస్ భారతదేశంలో మొట్టమొదట నిర్ధారణ అయినది హైదరాబాదులోనే, అమెరికా నుండి విమానంలో దిగిన ఒక ప్రయాణికునిలో. ఓడలో వారాలు పట్టిన దూరాన్ని విమానం గంటలలో దాటిస్తున్నది. ఫ్లూ సోకిన తరువాత లక్షణాలు కనిపించడానికి సాధారణంగా ఒకటి నుండి నాలుగు రోజులు పడుతుంది. దమ్మామ్ నుండి హైదరాబాదుకు ప్రయాణం నాలుగైదు గంటలే. విమానం ఎక్కినప్పుడు ఆరోగ్యంగా కనిపించిన మనిషి ఊరిలో దిగి, తల్లిదండ్రుల పక్కన కూర్చుని భోజనం చేసిన మరునాడు జ్వరపడవచ్చు.

చిన్ననాడు తట్టు టీకా వేయించుకొన్నవారికి జీవితాంతం రక్షణ ఉండగా, ఫ్లూ టీకా మాత్రం ఏటేటా ఎందుకు వేయించుకోవలెనన్నది అందరూ అడిగే ప్రశ్న. జవాబు వైరస్ నిర్మాణంలో ఉన్నది. ఫ్లూ వైరస్ పైపొరపై రెండు రకాల ప్రోటీన్లు ముళ్ళవలె పొడుచుకొని ఉంటాయి. హీమాగ్లుటినిన్ అనే మొదటి ప్రోటీన్ మనిషి శ్వాసనాళంలోని కణాన్ని అంటుకొని లోనికి దారి చేస్తుంది. న్యూరామినిడేజ్ అనే రెండవది, కణంలో పుట్టిన కొత్త వైరస్‌లను విడిపించి బయటకు పంపుతుంది. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అనే పేర్లలోని అక్షరాలు ఈ రెంటికీ సంకేతాలు. శరీరం తయారుచేసే యాంటీబాడీలు గుర్తుపట్టేది ముఖ్యంగా ఆ హీమాగ్లుటినిన్‌నే.

వైరస్ తన నకళ్ళను తానే తీయించుకొంటుంది. పూర్వం తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు వ్రాసినవారు అక్కడక్కడ ఒక అక్షరాన్ని మరొకటిగా వ్రాసేవారు. పది చేతులు మారేసరికి పాఠాంతరాలు పుట్టేవి. వ్రాసినదానిని సరిచూచుకొనే ఏర్పాటు ఫ్లూ వైరస్‌కు లేదు. ప్రతి నకలులోను తప్పులు దొర్లుతాయి. వాటిలో ఎక్కువ భాగం వైరస్‌కే చేటు. ఏ కొన్నో మాత్రం హీమాగ్లుటినిన్ రూపాన్ని కొద్దిగా మార్చి, నిరుటి యాంటీబాడీల కన్నుగప్పేందుకు తోడ్పడుతాయి. ఇది ఏటేటా జరిగే చిన్న మార్పు. అప్పుడప్పుడు పెద్ద మార్పు కూడా జరుగుతుంది. వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఒకే జంతువులో రెండు రకాల ఫ్లూ వైరస్‌లు కలిసినప్పుడు, రెండు పేకకట్టలు కలిపి పంచినట్లు, ఆ ముక్కలు కలిసిపోయి మానవజాతి ఎన్నడూ ఎరుగని వైరస్ పుట్టవచ్చు. 1957లోను, 2009లోను వచ్చినవి అటువంటివే.

తొలి టీకాను 1940లలో అమెరికా సైన్యం కోసం థామస్ ఫ్రాన్సిస్, జోనస్ సాల్క్ తయారుచేశారు. పోలియో టీకాతో తరువాత పేరుపొందిన సాల్క్ ఈయనే. కోడిగ్రుడ్డులోని పిండంలో వైరస్‌ను పెంచి, చంపి, సూది ద్వారా ఎక్కించడం వారి పద్ధతి. మొదట చక్కగా పనిచేసిన ఆ టీకా 1947లో విఫలమైనది. టీకాలో లోపం లేదు, వైరస్ మారిపోయినది. ఆ అనుభవంతో, మారే వైరస్‌ను ప్రపంచమంతా కలిసి కనిపెట్టి ఉండక తప్పదని తెలిసివచ్చినది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యాన ఏర్పడిన పరిశీలనా వ్యవస్థ నేటికీ పనిచేస్తున్నది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అందులో భాగస్వామి. ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ వైరస్ రకాలను టీకాలో చేర్చవలెనో నిపుణులు కూర్చుని నిర్ణయిస్తారు. టీకా తయారీకి ఆరు నెలలు పడుతుంది కనుక, రాబోయే చలికాలంలో ఏ రకం తిరుగుతుందో ఫిబ్రవరిలోనే ఊహించవలసి వస్తున్నది. కొన్ని సంవత్సరాలు ఊహ చక్కగా కుదురుతుంది, కొన్ని సంవత్సరాలు తప్పుతుంది. కోవిడ్ కాలంలో ఒక వింత కూడా జరిగినది. బి/యమగాటా అనే రకం 2020 మార్చి తరువాత ప్రపంచంలో ఎక్కడా కనిపించలేదు. అందువలన నాలుగు రకాలతో తయారవుతున్న టీకా 2024 నుండి అనేక దేశాలలో తిరిగి మూడు రకాలకు వచ్చినది.

ఇంత శ్రమ తరువాత కూడా, టీకాలోని రకాలకు, తిరిగే వైరస్‌కు పొంతన బాగా కుదిరిన సంవత్సరాలలో, వైద్యుని దగ్గరకు పోవలసినంత ఫ్లూను అది 40 నుండి 60 శాతం వరకే తగ్గించగలుగుతున్నది. ఇది తక్కువేనని అనిపించవచ్చు. "నిరుడు సూది వేయించుకొన్నాను, అయినా జ్వరం వచ్చినది" అనేవారి మాట అబద్ధం కాదు. కాని టీకా విలువను జ్వరం రాకపోవడంతో మాత్రమే కొలవడం పొరపాటు. టీకా పొందిన తరువాత ఫ్లూ వచ్చినా, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం, ఊపిరితిత్తులకు ప్రమాదం తగ్గుతాయి. అరవై దాటిన మధుమేహ రోగికి అసలు లాభం అక్కడే ఉన్నది. పైగా ఆ జ్వరాలలో చాలా భాగం ఫ్లూ కానే కావు. టీకా జలుబు వైరస్‌లను ఆపదు, ఆపుతుందని ఎవరూ చెప్పలేదు.

ఇక ప్రవాస కుటుంబాలకు ప్రత్యేకమైన విషయం. సౌదీ అరేబియాలో ఫ్లూ చలికాలపు జబ్బు. అక్టోబరులో పెరగడం మొదలై, చలి ముదిరే నెలలలో హెచ్చి, మార్చి నాటికి తగ్గుముఖం పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అది ముఖ్యంగా వానకాలపు జబ్బు. జూన్ నుండి సెప్టెంబరు వరకు ఒక విజృంభణ, జనవరి నుండి మార్చి వరకు మరొకటి. 2015 ఆరంభంలో తెలంగాణను వణికించిన స్వైన్ ఫ్లూ ఆ రెండవ కోవకు చెందినది. సౌదీలోని భారతీయ పాఠశాలల వేసవి సెలవులు జూలై, ఆగస్టులు. అనగా రియాద్, జెడ్డా, జుబైల్‌లలోని తెలుగు పిల్లలు ఎడారి ఎండ తప్పించుకొని తాతగారి ఊరు చేరేది సరిగా అక్కడ ఫ్లూ తిరిగే రోజులలో. తిరిగి వచ్చిన కొన్ని వారాలకే ఇక్కడి ఫ్లూ మొదలవుతుంది. ఒక దేశంలో ఉండిపోయినవారికంటె రెండు దేశాల మధ్య తిరిగేవారికి ఫ్లూతో పరిచయం ఎక్కువ.

టీకా వలన కలిగే రక్షణ సూది వేసిన రెండు వారాలకు సిద్ధమై, ఆరు నెలల దాకా బాగుండి, ఆపై క్రమంగా తగ్గుతుంది. అక్టోబరులో దమ్మామ్‌లో వేయించుకొన్న సూది ఆ చలికాలాన్ని దాటిస్తుంది. మరుసటి జూలైలో రాజమహేంద్రవరంలో కురిసే వానల నాటికి దాని బలం చాలావరకు సన్నగిల్లి ఉంటుంది. అందుకని ఏటా రెండుసార్లు అందరూ వేయించుకోవలెనని వైద్యశాస్త్రం చెప్పడంలేదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు చలికాలానికి ముందు ఒక్కసారి చాలును. ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు, వృద్ధులు వానకాలంలో ఊరికి వెళ్తున్నప్పుడు మాత్రం తమ వైద్యునితో ఈ సంగతి ప్రస్తావించడం మంచిది. భారతదేశంలో ఎక్కువ ప్రాంతాలవారికి ఏప్రిల్, మే నెలలలో, వానలకు ముందు, టీకా వేయడం ఉపయోగకరమని అక్కడి పరిశోధకులు సూచించారు. ఊరిలో ఉన్న తల్లిదండ్రులకు టీకా వేయించేవారు ఈ నెలలను గుర్తుంచుకోవలెను. చలికాలంలో విజిట్ వీసాపై సౌదీకి వచ్చే తల్లిదండ్రుల సంగతి వేరు. సందర్శకుల బీమా అత్యవసర వైద్యానికి ఉద్దేశించినది కనుక, వారికి బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందే స్వదేశంలో టీకా వేయించడం ఉత్తమం. మనుమల స్కూలు నుండి ఇంటికి వచ్చే మొదటి జ్వరం సాధారణంగా తాతలనే పట్టుకొంటుంది.

తెలుగు కుటుంబాలలో ఫ్లూ టీకా పట్ల ఆసక్తి తక్కువగా ఉండటానికి ఒక ముఖ్య కారణం అలవాటు లేకపోవడమే. 1985లో భారతదేశంలో ప్రారంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా చేరలేదు. పోలియో చుక్కల కోసం వరుసలో నిలబడిన తల్లులు దీని పేరైనా వినకుండా పిల్లలను పెంచారు. చంటిపిల్లల టీకాల కార్డును పాస్‌పోర్టుతో సమానంగా భద్రపరచే తండ్రి తనకు కూడా ఒక సూది ఉన్నదంటే ఆశ్చర్యపోతాడు. టీకా వలననే ఫ్లూ వస్తుందన్న అనుమానం మరొకటి. సూదిగా వేసే ఈ టీకాలో ప్రాణమున్న వైరస్ ఉండదు, అది జబ్బు కలిగించలేదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల ఒళ్ళునొప్పులు, కొద్దిపాటి జ్వరం కలిగితే అవి శరీరం స్పందించిన గుర్తులు.

శాకాహారుల సందేహం కోడిగ్రుడ్డు గురించి. చాలా టీకాలు నేటికీ గ్రుడ్డులో పెంచిన వైరస్ నుండే తయారవుతాయి. శుద్ధి చేసిన పిమ్మట మిగిలేది లేశమాత్రమైన ప్రోటీన్. కణాలలో పెంచి, గ్రుడ్డు ప్రమేయం లేకుండా చేసే టీకాలు కూడా కొన్ని దేశాలలో లభిస్తున్నవి. నిర్ణయం ఎవరికి వారిదే. పుట్టినరోజు కేకును కాదనని ఇళ్ళలోనే ఈ ప్రశ్న ఎక్కువగా వినిపించడం మాత్రం విశేషం. గ్రుడ్డు సరిపడనివారికి కూడా ఇప్పుడు అమెరికా నిపుణులు ప్రత్యేక జాగ్రత్తలేవీ విధించడం లేదు. ఇంతకు ముందు ఫ్లూ టీకా వలననే తీవ్రమైన అలర్జీ కలిగినవారు, ఆరు నెలలు నిండని శిశువులు మాత్రం వేయించుకోరాదు. ఆరు నెలల లోపు శిశువుకు రక్షణ తల్లి నుండి వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకొన్న టీకా ఇద్దరినీ కాపాడుతుంది. తొలిసారిగా టీకా పొందే తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం కనుక, వారి విషయంలో ఆలస్యం చేయరాదు.

సౌదీ ప్రభుత్వం టీకాల విషయంలో మొదటి నుండి పట్టుదల చూపినది. 1979-80 ప్రాంతంలోనే శిశువు టీకాలు పూర్తయితేనే జనన ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని రాజశాసనం ద్వారా ప్రవేశపెట్టినది. 1978లో ఆల్మా-ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను ప్రపంచం ముందుంచినప్పుడు, ఆ మార్గాన్ని స్వీకరించిన దేశాలలో ఇదీ ఒకటి. నేడు దేశమంతటా రెండు వేలకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నవి. పేటకొకటిగా, మసీదుకు, బడికి దగ్గరలో కనిపించే ఈ కేంద్రాలను చాలామంది ప్రవాసులు ముస్తౌసఫ్ అనే అరబ్బీ మాటతోనే పిలుస్తారు. పేరు తెలిసినా లోనికి అడుగుపెట్టినవారు తక్కువ. కంపెనీ బీమా కార్డు ఉన్నది, జ్వరం వస్తే ప్రైవేటు పాలీక్లినిక్ ఉన్నది అన్న ధీమా అందుకు కారణం.

ఏటా చలికాలానికి ముందు, సాధారణంగా అక్టోబరులో, ఆరోగ్య మంత్రిత్వశాఖ ఫ్లూ టీకా ప్రచారాన్ని ప్రారంభిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో సౌదీ పౌరులతో పాటు ఇకామా కలిగిన విదేశీయులకు కూడా ఆరోగ్య కేంద్రాలలో ఈ టీకా అందించినది. సెహ్హతీ అనే మొబైల్ యాప్‌లో ఇకామా నంబరుతో నమోదై, దగ్గరి కేంద్రాన్ని, తేదీని ఎన్నుకోవచ్చును. వేయించుకొన్న టీకా వివరాలు అందులోనే నమోదవుతాయి. సందేహాలకు 937 అనే నంబరుకు ఫోన్ చేయవచ్చును. ఏ కేంద్రంలో టీకా నిల్వ ఉన్నదో, కుటుంబ సభ్యులకు ఏ పత్రాలు కావలెనో అక్కడే అడిగి తెలుసుకొంటే రెండుసార్లు తిరగవలసిన పని ఉండదు. 1999లో వచ్చిన సహకార ఆరోగ్య బీమా చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగులకు యజమాని బీమా కల్పించవలెను. ఆ బీమాలో ఏ టీకాలు, ఏ పరీక్షలు చేరి ఉన్నవో కంపెనీ కార్యాలయంలో ఒకసారి విచారించడం తగినపని.

సూది కోసం వెళ్ళిన రోజున రక్తపోటు, చక్కెర చూపించుకొనిరావడం కూడా సులభమే. గల్ఫ్‌లో పదేళ్ళుగా ఉంటున్న నలభయ్యేళ్ళ తెలుగు పురుషుడు చివరిసారి వైద్య పరీక్షలకు వెళ్ళినదెప్పుడని అడిగితే, వీసా మెడికల్ సంగతి చెబుతాడు. ఆ పరీక్ష ఉద్దేశం వేరు. క్షయ, కామెర్ల వంటి అంటువ్యాధులతో ఎవరూ దేశంలోనికి రాకుండా చూచుకోవడానికి దేశం చేయించే పరీక్ష అది. పదేళ్ళ తరువాత గుండెపోటు రాకుండా మనిషి తన కోసం చేయించుకోవలసినది మరొకటి. కారు నుండి ఆఫీసుకు, ఆఫీసు నుండి కారుకు తప్ప నడక లేని ఎండదేశంలో, రాత్రి పదింటికి తినే భోజనంతో మధుమేహం త్వరగా ప్రవేశిస్తుంది. ఇంత ఎండ ఉన్న దేశంలో విటమిన్ డి లోపం ఇంత ఎక్కువగా ఉండటం వింతగా తోచినా, ఆ ఎండకు భయపడి నీడన బ్రతకడమే దానికి కారణం. మధుమేహం ఉన్నదని తేలినవారు ఫ్లూ టీకాతో పాటు న్యుమోనియాను అరికట్టే న్యూమోకాకల్ టీకాను గూర్చి కూడా అడగవలెను.

మక్కా, మదీనా యాత్రికుల విషయంలో సౌదీ టీకాల నియమాలు మరింత కఠినం. 1987 హజ్ సమయంలో మెదడు పొరల వాపు వ్యాధి విజృంభించినది. 2000, 2001 సంవత్సరాలలో అదే వ్యాధి మరొక రకం సూక్ష్మజీవితో తిరిగి తలెత్తినది. ఆ తరువాత నాలుగు రకాల నుండి రక్షణ ఇచ్చే మెనింజైటిస్ టీకా యాత్రికులకు తప్పనిసరి అయినది. ఫ్లూ టీకా కూడా వారికి సిఫారసు చేయబడుతున్నది. హజ్ చాంద్రమానంపై నడుస్తుంది కనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ మెల్లగా వేసవిని వదలి చలి నెలల వైపు సాగుతున్నది. ఉమ్రా ఏడాది పొడవునా సాగుతుంది. హైదరాబాదు నుండి వచ్చే వృద్ధులైన బంధువులతో ఉమ్రాకు వెళ్ళే కుటుంబాలు ప్రయాణానికి రెండు వారాల ముందే ఈ పని ముగించుకోవలెను.

జెడ్డాలో 2012లో తొలిసారిగా గుర్తించిన మెర్స్ అనే కరోనా వైరస్ వ్యాధికి ఫ్లూ టీకా పనిచేయదు. దానికి ఒంటెలతో సంబంధమున్నది. ఎడారి విహారాలకు వెళ్ళినవారు పచ్చి ఒంటెపాలు త్రాగకుండా ఉండటం మంచిది. ఒంటెలున్న చోటికి వెళ్ళివచ్చిన రెండు వారాలలో జ్వరం, దగ్గు వస్తే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఫ్లూ వచ్చిన తరువాత చేయవలసినవి కొద్దియే. విశ్రాంతి, ద్రవాహారం, జ్వరానికి పారాసిటమాల్. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. ఫ్లూలో అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేయ్ వ్యాధికి దారితీయవచ్చును. యాంటీబయాటిక్‌లు బాక్టీరియాలపై పనిచేసేవే గాని వైరస్‌లపై పనిచేయవు. సౌదీలో వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మరాదన్న నియమాన్ని 2018 నుండి గట్టిగా అమలుచేస్తున్నారు. ఆవకాయ జాడీతో పాటు సూట్‌కేసులో ఊరి నుండి వచ్చిన మాత్రలు ఆ నియమాన్ని తప్పించుకొంటున్నవి, ఫ్లూను మాత్రం తగ్గించడంలేదు. ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు ఉన్నది. లక్షణాలు మొదలైన 48 గంటలలోపు ఆరంభిస్తే అది బాగా పనిచేస్తుంది. కనుక వృద్ధులు, గర్భిణులు, మధుమేహులు, ఉబ్బస రోగులు మూడు రోజులు చూద్దామని ఆగకుండా మొదటి రోజే వైద్యుని చూడవలెను. ఆయాసం, ఛాతీలో నొప్పి, మతిభ్రమ, పెదవులు నీలమవడం, తగ్గిన జ్వరం మళ్ళీ రావడం, చంటిబిడ్డ పాలు త్రాగకపోవడం కనిపిస్తే క్లినిక్ కాదు, ఆసుపత్రికే వెళ్ళవలెను.

ఇదంతా కుటుంబాలతో ఉన్నవారి సంగతి. సౌదీలోని తెలుగువారిలో అనేకులు కుటుంబం లేకుండా లేబర్ క్యాంపులలో ఉండే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతాల కార్మికులు. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది, ఒకే ఏ.సి., మూసిన కిటికీలు. ఫ్లూకు ఇంతకంటె అనువైన చోటు ఉండదు. ఒకరికి జ్వరం వస్తే వారంలో గది అంతా దగ్గుతుంది. పనికి పోని రోజున జీతం కోత పడుతుందని జ్వరంతోనే పనికి పోయేవారు, ఏదైనా జబ్బు బయటపడితే ఇంటికి పంపివేస్తారేమోనన్న భయంతో వైద్యుని గడప తొక్కనివారు వారిలో ఉన్నారు. ఫ్లూ టీకాలో పరీక్ష ఏదీ లేదు. రక్తం తీయరు, ఎక్స్‌రే తీయరు, సూది వేసి పంపుతారు. ఈ ఒక్క మాట వారికి తెలుగులో చెప్పేవారుంటే సగం భయం పోతుంది.

మిగిలిన సగం అడ్డంకి తీరిక. చాలామంది కార్మికులకు సెలవు శుక్రవారం ఒక్కటే. ఆరోగ్య కేంద్రాలు ముఖ్యంగా పనిచేసేది ఆదివారం నుండి గురువారం వరకు. అందుచేత క్యాంపు సూపర్‌వైజరుతో ముందుగా మాట్లాడి, కంపెనీ క్లినిక్‌లోనే టీకా వేయించే ఏర్పాటు ఉన్నదేమో విచారించవలెను. లేకపోతే ఒక గదివారందరికీ ఒకే సాయంత్రం అనుమతి, వాహనం అడగవలెను. సెహ్హతీ యాప్ తెరిచి, ఇకామా నంబరు నమోదు చేసి, అక్టోబరు చివరిలోగా తేదీ తీసుకోవడానికి చదువుకొన్నవారికి పది నిమిషాలు పడుతుంది. ఇంగ్లీషు, అరబ్బీ రాని కార్మికునికి ఆ పది నిమిషాలు పక్కన కూర్చునే మరొక తెలుగువాడు కావలెను.